ఏరు తేటపడేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన మనిషి మంచాన పడ్డ మా అబ్బ కాదు, ఆయన నోరు తెరిచి అడిగిన ఒక్క కూర వండిపెట్టని మా మేనత్త. అబ్బ అంటే మా నాయనకు నాయన. మా ఊరు జమ్మలమడుగుకు దిగువన, పెన్న ఒడ్డున. ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెల వెంట నడిచిన ఆ మనిషిని ఆ ఏడు వానకాలంలో విషజ్వరం పట్టుకుంది. జ్వరమైతే పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. గంజి నోట్లో పోస్తే పక్కకు ఉమ్మేవాడు. తిండి దిగకపోతే మనిషి దక్కడని డాక్టరు మా నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. అది నేనూ విన్నాను. తొండూరులో ఇచ్చిన మా మేనత్త తండ్రిని చూసుకోవడానికి వచ్చింది అప్పుడే.

ఒకరోజు అబ్బ తనంతట తానే కళ్లు తెరిచి, ఏటి చిప్పల పులుసు తింటానన్నాడు. పెన్న మడుగుల్లో ఇసుకలో కూరుకుని ఉండే ఆల్చిప్పలవి. కాళ్లతో తడిమి తీసి, ఉడకబెట్టి, నోళ్లు తెరిచాక లోపలి కండ తీసి, ఇంత కారం, ఇంత చింతపండు వేసి వండితే జొన్న సంగటిలోకి దాన్ని మించింది లేదు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మా అత్త మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కాదు నాయనా. ఏరు ఎర్రగా పోతాంది. తేటపడనీ, చేసిపెడతా."

నాకు ఒళ్లు మండింది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే, ఏరు రంగు చూసే మనిషిని ఏమనాలి? మర్నాడూ ఆయన అడిగాడు, మర్నాడూ ఆమె అదే మాట. ఇక ఓపిక పట్టలేక నేనే పోయాను. ఒడ్డు వారగా బురదనీళ్లలో తడిమి, పావడా నిండా చిప్పలు ఏరుకొచ్చి అత్త ముందు గుమ్మరించి, ఇంకేం సాకు చెప్తావో చెప్పు అన్నాను.

ఆమె తిట్టలేదు. ఒక చిప్పను కత్తి మొనతో విప్పి అబ్బ మంచం దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వంగి చూశాను. కండ పలచగా, నీళ్లోడుతూ ఉంది. దాని పక్క పొరలు మాత్రం ఉబ్బి, లోపల సన్నటి ఇసుక నింపినట్టున్నాయి.

"ఇసుక కాదు, అవి పిల్లలు. ఈ కాలంలో చిప్ప కడుపుతో ఉంటాది. ఉన్న కండంతా వాటికే పోతాది. చూడి గొర్రెను కోసిన ఇల్లా నాయనా మనది?"

మా ఇళ్లలో ఎంతటి చుట్టం వచ్చినా చూడి గొర్రె మెడ మీద కత్తి పెట్టరు. తెలియక కోసినా మందకు కీడని నమ్మకం. అబ్బ ఆ పొరలను వేలితో తడిమి చూశాడు. "పాపా, తీసకపోయి ఏట్లో ఇడిసిపెట్టి రాపో" అన్నాడు. అంత బరువూ మోసుకుని, దారంతా గొణుక్కుంటూ మళ్లీ ఏటికి నడిచాను.

అక్కడితో అయిపోలేదు. రోజూ పొద్దున్నే ఏటికి పోయి నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసి రావడం నా పనైంది. ఆ కబురు అబ్బకు చెప్పాలి, కానీ ఆయన గిన్నెలో గంజి అయిపోయేదాకా నోరు విప్పకూడదని అత్త ఆన. ఆయన నన్ను కొరకొరా చూస్తూ తాగేవాడు. తాగాక, ఎర్రగానే ఉందబ్బా అనేదాన్ని. ఆయన ఏటిని తిట్టేవాడు, కూతురిని తిట్టేవాడు, మర్నాడు మళ్లీ గిన్నె కోసం లేచి కూర్చునేవాడు. గంజి కాస్తా జావైంది, జావ సంగటైంది.

కార్తీకానికి నీళ్లు తేటపడ్డాయి. పరుగున వచ్చి చెప్పాను. "తేటపడితే సాలదు, మేసి కండ పట్టొద్దా" అంది అత్త. ఇక నా వల్ల కాలేదు. కన్నతండ్రికి ఒక్క ముద్ద పెట్టడానికి నీకు చేతులు రావడం లేదా అని పెరట్లో నిలదీశాను. ఆమె గిన్నెలు తోముతూనే బదులు చెప్పింది.

"ఇప్పుడే వండిపెడితే రెండు ముద్దలు తిని, ఇంతేనా అని పడుకుంటాడు. రేపు ఇంక దేనికోసం లేస్తాడే?"

చలి ముదిరాక వండింది. చిప్పలో కండ తెల్లగా, నిండుగా ఉంది. అబ్బ కట్టె ఊతంతో తానే వంటింట్లోకి నడిచొచ్చి, పీట మీద కూర్చుని, కంచం ఊడ్చి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ ఉప్పు తక్కువైందన్నాడు. ఆ ఒక్క పూట మా అత్తకు కూడా విసుగొచ్చింది.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో, నా కూతురింట్లో మంచం మీదున్నాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి నోటికి ఏదీ సయించడం లేదు. నా బిడ్డ బంగారమే గానీ ప్రాణం తీస్తుంది. ఏం తింటావు, ఏం తింటావని గంటకోసారి. మాట నోట్లో ఉండగానే ఫోను తీస్తుంది, అడిగింది గుమ్మంలో వాలుతుంది. వీళ్లకు మామిడిపండుకూ కాలం లేదు, సీతాఫలానికీ కాలం లేదు. మొన్న నోరు జారి ఏటి చిప్పలన్నాను. నిన్న ఐసు మధ్యన పేర్చిన సముద్రపు చిప్పలు పెట్టెలో వచ్చాయి. బయట వాన పడుతోంది.

"ఏ కాలమైనా దొరుకుతాయంట మా. నువ్వు ఏది అడిగినా కాదనేది లేదు, తిను" అంది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది, దాని వెనకే భయమూ వచ్చింది. ఏదీ కాదనడం లేదంటే, ఆగేంత వ్యవధి నాకు లేదని వీళ్లు తేల్చుకున్నట్టే కదా. మా అత్త ఒక్కరోజు కూడా అట్లా తేల్చుకోలేదు. కాదన్న ప్రతిసారీ ఆమె తన తండ్రిని చలికాలం చూడబోయే మనిషిగానే చూసింది. పెరట్లో ఆమె చెప్పిన మాట నాకు పూర్తిగా తలకెక్కింది ఈ మంచం మీదనే.

"ఎత్తిపెట్టు వాటిని. నాకు పెన్న చిప్పలే కావాల, చలి పట్టినాకనే. అందాక ఆ జావ ఇట్ల తే" అన్నాను.

బిడ్డ నా మొహం కేసి అయోమయంగా చూసి, జావ తెచ్చింది. చప్పగా ఉంది. అయినా గిన్నె ఖాళీ చేశాను. రేపు పొద్దున మనవరాలిని పెన్న దాకా పంపి, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసి రమ్మంటాను. నా గిన్నె అయిపోయేదాకా నాకు చెప్పొద్దని కూడా అంటాను.