అత్తగారి చేతిలో రోకలి

మన్యంలో దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన ఏడాది అది. నర్సీపట్నంలో మావారు బడిపంతులు. క్రిస్టమస్ సెలవులకు ఆడపడుచు పిల్లలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆ ఉదయం వాళ్లూ, నా రెండేళ్ల కూతురు సీతా పెరట్లో ఎండకు కూర్చుని, మా కుక్క మోతికి చద్దన్నం పెడుతున్నారు. నేను నూతి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను.

ఉన్నట్టుండి కంచె సందులోంచి ఒక పిచ్చికుక్క దూరింది. నోటినిండా నురగ. మోతి అడ్డం వెళితే దాని గొంతు కొరికి, విదిలించి పారేసి, తిన్నగా సీత మీదికి వచ్చింది. నేను చేతిలో తడిబట్ట వదిలేసి లేచాను.

వసారాలో వడ్లు దంచుతున్న మా అత్తగారు రోకలితో పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డారు.

"పిల్లల్ని లోపలికి లాగే! బేగి తలుపెయ్యి!"

పిల్లల్ని లోపలికి తోసి, తలుపేసి వెనక్కి వచ్చాను. కుక్క ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతోంది. ఆవిడ దాని తల మీద రోకలితో మోదుతున్నారు. పుర్రె పగిలింది. అయినా ఆవిడ ఆగలేదు.

"అత్తయ్యా, చచ్చిపోయిందండీ! ఇంక ఆపండి!"

రోకలి జారిపోయింది. ఆవిడ ముఖమంతా నెత్తుటి చుక్కలు.

"సీతకి దాని పన్నుగానీ తగిలిందేటే?"

"లేదండీ."

"మీకో?"

"చీరే చిరిగింది."

అప్పుడు ఆవిడ నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. మోతి అప్పటికే ప్రాణం వదిలింది.

కాపురానికి వచ్చిన నాటినుంచీ అత్తగారంటే నాకు భయమే తప్ప చనువు లేదు. ఆ రోజు ఆవిడ చేతుల నెత్తురు నేనే కడిగాను. కడిగాక కూడా ఆ చేతులు వదల్లేదు.