జంబన్న వెదురు మడి

మా చేనుకీ జంబన్న చేనుకీ మధ్య ఒక్కటే గట్టు. ఆ గట్టు మీద నిలబడి నేనతణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో నాకే గుర్తులేదు. అయినా ఉన్న మాట చెప్పుకోవాలి. ఎమ్మిగనూరులో వరి మడికి నీళ్ళు కట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు. తెక్కలకోట నుంచి ఇల్లరికం వచ్చిన మనిషి. వచ్చిన ఏడే కాల్వ కింది రైతులంతా అతణ్ణి నీరుగంటిగా పెట్టుకున్నారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఎప్పుడు కట్టెయ్యాలో అంతా అతని పారే చూసుకునేది. మడి ఒక్కపూట ఆరితే చాలు, అతనికి అన్నం సయించదు.

ఆ చేను నిజానికి అతని భార్య దేవక్కది. వాళ్ళమ్మ పసుపు కుంకాల కింద రాసిచ్చింది. చేను పక్కనే వంక. ఏటా వానాకాలంలో పొంగి ఇంత గట్టును కొరుక్కుపోతుంది. ఒక ఏడు కానుగ చెట్టును వేళ్ళతో సహా లాక్కుపోయింది. ఆ రోజు దేవక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మాయమ్మ ఇచ్చింది ఇదొక్కటే యశోదా. ఇది గూడా వంకలో కలిసిపోతే నాది అనేదానికి ఏముండాది?" అంది.

వెదురు వేస్తే వేళ్ళు గట్టును పట్టుకుంటాయని ఎవరో చెప్పారు. ఫారెస్టు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి, మొగుడూ పెళ్ళాం వంక పొడుగునా నాటారు. గుంతల్లో పశువుల ఎరువు కూడా వేశారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత జంబన్న పార పట్టుకున్నాడు.

వెదురు వరుస చుట్టూ మడి కట్టాడు మహానుభావుడు! కాల్వ నీళ్ళు మళ్ళించి, పాదాలు మునిగేలా నిలబెట్టాడు. మాది నల్లరేగడి, తాగిన నీళ్ళను ఒక పట్టాన వదలదు. కొన్నాళ్ళకు ఆకులు పసుప్పచ్చగా తిరిగాయి. ఎవరికైనా అనుమానం రావాలా వద్దా? అతనికీ వచ్చింది, నీళ్ళు చాల్లేదేమోనని. ఇంకా పెట్టాడు.

"ఏమప్పా జంబన్నా, వెదురు నాటినావా, చేపలు సాకుతాండావా?" అని గట్టు మీంచి అడిగాను.

"నీకేం తెలుసు యశోదమ్మా? ఇది గూడా గడ్డి జాతే, వరి మాదిరి. కాళ్ళ కింద నీళ్ళుంటేనే లేస్తాది," అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంకేం వాదిస్తాం?

దేవక్క వాదించలేదు. వంగి ఒక మొక్కను పెరికింది. వేళ్ళు నల్లబడి మెత్తగా ఉన్నాయి. దాన్ని తీసుకుపోయి మొగుడి ముక్కు కింద పెట్టింది.

"వాసన సూడప్పా. దప్పికతో సచ్చినదానికి ఇట్ల కంపొస్తాదా?"

"ఏం చేసేదే? మట్టి ఆరితే నా గొంతు ఆరినట్టయితాది."

"అట్లయితే నువ్వు తాగు. దాని పానం తియ్యొద్దు."

అక్కడే పంపకాలు అయిపోయాయి. వెదురు వరుస మధ్యలో ఉన్న వేపచెట్టుకు ఎగువ భాగం అతనిది, దిగువ భాగం ఆమెది. ఒకరి దాంట్లో ఒకరు చెయ్యి పెట్టకూడదు. నేనే సాక్షిని.

దేవక్క తన భాగంలో మడిగట్లు తెంచేసి, నిలిచిన నీళ్ళను వంకలోకి వదిలేసింది. చచ్చినచోట కొత్త మొక్కలు పెట్టి, మొదళ్ళలో వరిగడ్డి పరిచింది. మేకలు రాకుండా కంప అడ్డం వేసింది. చేను పనికి వచ్చినప్పుడల్లా గడ్డి పక్కకు తోసి మట్టిలో వేలు దించి చూసేది. తడి తగిలితే ముందుకు పోయేది, తగలకపోతే బిందెతో పోసేది. అంతే, పెద్ద విద్యేమీ కాదు.

జంబన్న ఊరుకున్నాడా? తెల్లారకముందే వచ్చి ఆమె భాగంలోకి నీళ్ళు తిప్పేవాడు. పట్టుబడితే, "పాపం, నోరెండి నా తట్టు సూస్తాండాయే," అనేవాడు. విసుగెత్తి దేవక్క అతని పారను తెచ్చి మా అటక మీద దాచింది. ఆ మనిషి ఊరంతా వెతికి, చివరికి మా గుమ్మంలోకి వచ్చి, "యశోదమ్మా, నా పార యాడన్నా సూసినావా?" అని అడిగాడు. నవ్వు ఆపుకోలేక నా పొట్ట చెక్కలైంది. అతను అటక వైపు చూసి అర్థం చేసుకుని, నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

అతని భాగంలో ఒక్క మొక్క మిగల్లేదు. ఆ చోట వరి నాటేసి, మళ్ళీ వెదురు ఊసెత్తలేదు. ఆమె భాగంలో మాత్రం ఏటా కొత్త కొమ్ములు లేచి, మూడో వానాకాలానికి పొదలు దట్టంగా కమ్ముకున్నాయి.

ఆ శ్రావణంలోనే వంక పొంగింది. వాన తెరిపిచ్చాక ముగ్గురం చేనుకు పోయాం. దూరం నుంచే దేవక్క పరుగందుకుంది. వేపచెట్టుకు ఎగువన గట్టు లేదు. ఇల్లంత ముక్క వరి పైరుతో సహా కూలిపోయి, అక్కడ బురదనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. చెట్టుకు దిగువన వెదుర్లు చెత్తా కంపా అడ్డంపట్టి, వంగి నిలబడ్డాయి. వాటి వెనక గట్టు గట్టుగానే ఉంది.

"పాయనే... మీయమ్మ సేను పాయనే," అంటూ జంబన్న బురదలోనే కూలబడ్డాడు. తిడదామని నోరు తెరిచాను. అతని మొహం చూసి, బురదలో పడిన అతని తువ్వాలు తీసి పిండాను. దేవక్క తెగిన అంచు దాకా పోయి, కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చింది.

"మిగిలింది మిగిలిండాది గదా. సుమ్నే ఊరికే కూర్చుంటే ఏమొస్తాది? లెయ్యప్పా," అంది.

వంక తగ్గాక, తెగిన చోటికి లోపలగా కొత్త గుంతలు తవ్వింది జంబన్నే. నర్సరీకి పోయి మొక్కలు తెచ్చిందీ అతనే. వానలు వెనకబట్టిన ఒక పొద్దున బిందె భుజాన పెట్టుకుని మొదటి మొక్క దగ్గర నిలబడ్డాడు. బిందె వంచబోయి ఆగాడు. ఊరందరి మడులకూ నీళ్ళు పంచే మనిషి పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఏమే, పోయల్లా వద్దా?"

"నన్నేమడుగుతావు? వేలు పెట్టి సూడు."

బిందె దించాడు. గొంతుక్కూర్చుని, గడ్డి తప్పించి, మట్టిలో వేలు దించాడు.

"తేమ ఉండాది," అన్నాడు. బిందె ఎత్తుకుని, చుక్క నీళ్ళు పోయకుండా రెండో మొక్క దగ్గరికి నడిచాడు.