తిప్పమ్మకని కట్టిన గుడిసె

ఆదోనిలో పత్తి మిల్లు వెనక గుడిసెల్లో పుట్టింది తిప్పమ్మ. పదమూడేళ్లకే తల్లి పోతే, మిల్లులో పత్తి ఏరి తమ్ముడు ఈరన్నను పెంచింది. 1956లో కొత్త మార్కెట్ యార్డు కోసం ఆ గుడిసెలు తీసేస్తామన్నారు. బదులుగా ఊరి బయట స్థలాలిస్తామంటే వీధి రెండుగా చీలింది. ఒప్పుకున్నవాళ్లలో మొదటి వేలిముద్ర ఈరన్నదే.

"అమ్మ పానం పోయిన ఇల్లురా ఇది. నీకు చేతులెట్లొచ్చినాయి?"

"వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లక్కా. పిల్లోళ్లు యాడ పండుకోవల్ల?"

ఆమె తమ్ముడితో మాటలు మానేసింది. గుడిసెలు కూల్చిన రోజు అతను బండి తెచ్చి, ఎక్కమని బతిమాలాడు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని ఎమ్మిగనూరు దారి పట్టింది. అక్కడ మగ్గాలవాళ్ల దగ్గర నూలు చుట్టి బతికింది.

రెండేళ్లకు ఈరన్న కలరాతో పోయాడని కబురొచ్చింది. ఆమె చేరేసరికే మట్టి చేసేశారు. అతని ఇంటిని ఆనుకుని, తాళం వేసిన చిన్న గుడిసె కనిపించింది.

"అదెవురిది లింగమ్మా?" అని మరదలిని అడిగింది.

"నీదే వదినా. నువ్వొస్తావని కట్టినాడు. ఎవురినీ ఉండనీలేదు."

తిప్పమ్మ ఆ గడప మీదే కూలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఎమ్మిగనూరు మళ్లీ పోలేదు.