బల్గేరియా కదలలేదు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువుగానే ఉంది. అలాగని తలవంచుకుని చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

డెబ్బైల చివర, అమెరికాలో, షామ్‌బర్గ్‌లో, నా మిత్రుడు భాస్కర్ బేస్‌మెంట్‌లో శనివారాలు యుద్ధాలు చేసేవాళ్లం. బల్ల మీద మ్యాపు, అట్టముక్కల సైన్యాలు, పాచికలు. అందరూ ఆడే యుద్ధాలు విసుగెత్తి సొంతంగా ఒకటి తయారుచేశాం: బ్రెగల్నిత్సా. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు బల్గేరియా, సెర్బియా కలిసి టర్కీని ఓడించాయి. గెలిచిన నేల పంచుకోలేక, బ్రెగల్నిత్సా అనే నది దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

రూల్స్ భాస్కర్‌వి. మ్యాపు నాది. ప్రతి కొండా, నదిలో ప్రతి మలుపూ ఈ చేత్తో గీశాను. ఒక గేమ్ కంపెనీ చూస్తామంది. వాళ్లకి పంపిన కాపీ మీద ఒక్క పేరే ఉంది, నాది కాదు. అడిగితే చేర్చేవాడేమో. ఎందుకు అడగలేదు? నా పేరు నేను అడుక్కోవాలా?

తర్వాత ఒక్కణ్ణే రెండు పక్షాలూ ఆడుకుంటుంటే లొసుగు కనబడింది. చరిత్రలో బల్గేరియానే ముందు దాడి చేసింది. మా ఆటలో ఆ అవసరం లేదు. కొండల మీద కదలకుండా కూర్చుంటే చాలు, సెర్బియా ఏం చేసినా గెలవదు. ఒక్క రూలు చేరిస్తే సరిపోయేది. ఆ రూలు కూడా నాకు తట్టింది. నోరు విప్పలేదు.

కంపెనీ మనిషి వచ్చిన రోజు నేను బల్గేరియా తీసుకున్నాను. కదలలేదు. భాస్కర్ సైన్యం ఆ కొండలకి తల బాదుకుని కరిగిపోయింది. కంపెనీ మనిషి మర్యాదగా కాఫీ తాగి, ఇది ప్రింట్ చేయలేమని చెప్పి వెళ్లిపోయాడు.

"ఏరా, ఇది నీకు ముందే తెలుసా?" అన్నాడు భాస్కర్.

"లేదురా. ఆడుతుంటే ఇప్పుడే స్ట్రైక్ అయింది."

నమ్మాడు.

మోసం చేశానా? పాచికలు తిప్పలేదు, రూలు తప్పలేదు. గెలిచినందుకు సిగ్గుపడను, ఇప్పుడు కూర్చోబెట్టినా అలాగే ఆడతాను. ఇలా నాలో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో, ప్రతిసారీ నేనే గెలిచాను, గెలిచాక మళ్లీ మొదటినుంచీ వాదించుకోవాల్సి వచ్చేది. గెలిచినవాడికి అంత వాదన ఎందుకు?

భాస్కర్ మళ్లీ ఏ ఆటా తయారుచేయలేదు. ఎవరైనా కదిపితే, "నాకంత బుర్ర లేదండీ" అని నవ్వేస్తాడు. పక్కనే నిలబడి నేనూ నవ్వేవాణ్ణి.

ఇక నవ్వను. లోపం చేర్చని ఒక్క రూలులో ఉంది, వాడి బుర్రలో కాదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడికి చెప్పే ధైర్యం ఉందో లేదో తెలీదు. మిమ్మల్ని క్షమించమనడం లేదు. బయటపెట్టాను, ఊపిరాడుతోంది, అంతే.