పొట్టు చూసి వేగం చెప్పే శోభ

గోదావరిఖనిలో లింగమూర్తి అల్మారాల వర్క్‌షాపుకి కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం వచ్చినప్పుడు శోభ అక్కడ చెక్కల అంచులకు పట్టీలు అతికించేది. యంత్రం నడపడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆపరేటర్ ఇక్కడి ఎండలకు తాళలేక మూడో నెలలోనే వెళ్లిపోయాడు.

"కొత్తోడు దొరికేదాక నువ్వు చూడు చెల్లె" అన్నాడు లింగమూర్తి.

బటన్లు నొక్కడం ఆమె అప్పటికే చూసి నేర్చుకుంది. కోతే కుదరలేదు. చెక్కపొడిని అదిమి చేసిన ఎండీఎఫ్ షీటు పెడితే అంచులు నల్లగా మాడేవి. గిరగిరా తిరుగుతూ చెక్కను కోసే బిట్టు, కొత్తదైనా రెండు రోజులకే మొద్దుబారేది. భయపడి వేగం తగ్గించేది. తగ్గించిన కొద్దీ ఇంకా మాడేది.

శోభ తండ్రి సదయ్య ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో బొగ్గుకు డ్రిల్లు వేసిన మనిషి. ఒక మధ్యాహ్నం కూతురికి అన్నం గిన్నె ఇవ్వడానికి వచ్చి, యంత్రం కింద రాలిన పొట్టు చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"పిండోలె ఉన్నది బిడ్డ. బిట్టు కొస్తలేదు, రుద్దుతాంది. రుద్దితే కాలదా?"

"మరి ఏం చెయ్యాలె బాపూ?"

"నీ మిషిని సంగతి నాకెరుక లేదు. మా బొగ్గుల మాత్రం పలుకులు పలుకులుగ రావాలె. గట్లొస్తే వేడి పలుకుతోటే బయటికి పోతది."

ఆ మాట పట్టుకుని శోభ పనికిరాని ముక్కల మీద మొదలుపెట్టింది. ఆరు మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లు తిరుగుతూ రెండున్నర మీటర్లే ముందుకు పోతోంది. చుట్లు అలాగే ఉంచి నడక పెంచుతూ పోయింది. ఐదు మీటర్ల దగ్గర పొట్టు రవ్వలా రాలింది. యంత్రం ఆపి చూస్తే అంచు తెల్లగా ఉంది. ఇంకా పెంచి చూద్దామని తొమ్మిదికి పోతే బిట్టు పుటుక్కున విరిగింది. అది కూడా నోటుబుక్కులో రాసుకుంది.

తరువాత జ్యోతినగర్‌లో రమామణి టీచర్ వంటింటి పని వచ్చింది. రెండు వైపులా లామినేట్ అంటించిన ప్లైవుడ్. కోసిన చోటల్లా పై అంచు పెచ్చులు లేచింది. ఇలాంటి షీటుకే చేసిన బిట్టు ఒకటి ఉందని ఫోనులో చూసి శోభ తెప్పించింది. దాని కింది కొన పొట్టును పైకి లాగుతుంది, పై భాగం కిందికి నొక్కుతుంది. దాంతో రెండు మొహాలూ శుభ్రంగా తెగాలి. అయినా పెచ్చులు ఆగలేదు.

"మోసం చేసిండ్రు. వాపస్ పంపుదాం" అన్నాడు లింగమూర్తి.

"ఒక్క పూట ఆగన్నా."

శోభ బిట్టును స్కేలు పక్కన పెట్టి కొలిచింది. పైకి లాగే కొన ఐదు మిల్లీమీటర్లుంది. షీటును ఒకేసారి కాకుండా విడతలుగా కోస్తూ, మొదటి విడతలో తాను దింపుతున్నది మూడు మిల్లీమీటర్లే. అంటే పై లామినేటుకు తగులుతున్నది పైకి లాగే కొనే. తప్పు బిట్టుది కాదు, తనది. మొదటి విడతలోనే ఏడు మిల్లీమీటర్ల లోతుకు దింపింది. లింగమూర్తి కొత్త తలుపు అంచు మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"ఇగ ఆపరేటర్‌ను వెతుకుడు బంద్" అన్నాడు.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. ఏ షీటుకు ఏ బిట్టు, ఎన్ని చుట్లు, ఎంత నడక అన్న పట్టిక ఇప్పుడు వర్క్‌షాపు గోడ మీదే ఉంటుంది. నస్పూర్ నుంచి వచ్చిన వడ్రంగులు దాన్ని ఫోటో తీసుకుంటారు. అందరికీ చూపిస్తే గిరాకీ పోదా అని ఎవరో అడిగారు.

"వాళ్ల మిషిని వేరు, వాళ్ల బిట్లు వేరు. ఎట్లయినా ముక్క మీద చూసుకునే కొయ్యాలె గదా" అంది శోభ.

పోయిన నెల ఒకాయన దుకాణం బోర్డు కోసం అక్రిలిక్ షీటు తెచ్చాడు. శోభ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది నేనెన్నడు కొయ్యలే. వేడికి కరుగుతదంటరు. రెండు తుండు ముక్కలిచ్చి పోన్రి. బేస్తారం రాన్రి, చెప్త."