పట్టీలోంచి అమ్మని తీసేసిన సంవత్సరం

ఆ రోజుల్లో మా ఊళ్ళో కాదనడం ఎవరికీ చేతనయ్యేది కాదు. (ఇప్పుడు చేతనవుతోందా అని అడగకండి. మొన్న మా ఆడపడుచు తన ఇద్దరు పిల్లలకీ సెలవులంతా లెక్కలు చెప్పమంటే నేనూ ఆయ్ అనేసి వచ్చాను.) రాజోలు దాటాక గోదారి పాయ పక్కన, కొబ్బరితోటల మధ్య ఉంటుంది మా ఊరు. అక్కడ ఎవరేం అడిగినా ముందు ఆయ్ అంటారు, తరవాత ఆలోచిస్తారు. పెళ్ళికి వారం ముందే వచ్చెయ్యాలండోయ్ అంటే ఆయ్. రేపు పొద్దున్నే మా గట్టు పనికి రావాలంటే ఆయ్. వెళ్తారా లేదా అన్నది వేరే సంగతి. ఎదుటిమనిషి మొహం చిన్నబోకూడదు, అంతే. ఈ మర్యాదని ఒక సంవత్సరం పాటు నేను వాగ్దానం అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. బీకాం ప్యాసై, అమలాపురంలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, గళ్ళు గీసి నింపితే తేలని వ్యవహారం ఈ లోకంలో లేదని గట్టిగా నమ్ముతున్న రోజులు.

మా సంఘం చిన్నది. కాలవ గట్టు మీద రేకుల మందిరం, అందులో నలభై ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్ళకి చాపలు. మా పాస్టరు గారిని అందరం అయ్యగారనే పిలుస్తాం. మనిషి బక్కపలచన, మనసు మెత్తన. ఆ జనవరిలో ఆయన కాకినాడలో ఏదో కూటానికి వెళ్ళి ఒక ఫారం పట్టుకొచ్చారు. దాని నెత్తిన 'ఈ సంవత్సరపు విశ్వాస లక్ష్యాలు' అని అచ్చువేసి ఉంది. కింద గళ్ళు. ఇప్పుడు సంఘంలో ఎంతమంది ఉన్నారు? సంవత్సరం చివరికి ఎంతమంది ఉండాలని విశ్వసిస్తున్నారు? అందుకు ఏం చేస్తారు? సార్వా (అంటే తొలకరి వరి) కోతలయ్యాక వచ్చే కోతల పండగకి పెద్దయ్యగారు (అంటే మా అయ్యగారి లాంటి అయ్యగార్లందరి మీదా అయ్యగారు) స్వయంగా వచ్చి ఎంతవరకు వచ్చిందో చూస్తారట. మా అయ్యగారు ఆ కాగితం పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చారు. "విశ్వాసం అంటే ఏంటో చెప్పమంటే చెప్పగలనమ్మా. అది ఎంతో అంకె వెయ్యమంటేనే పాలుపోవడం లేదు. నువ్వు కంప్యూటర్ చదివేవు గదా, కాస్త చూసిపెట్టు" అన్నారు.

చూసిపెట్టాను. హాజరు పట్టీలో అరవై ఒక్క పేర్లున్నాయి. రెట్టింపు చేసి నూట ఇరవై రెండు అని రాశాను. ఇందులో నేను పెట్టిన బుర్ర ఇంతే. ఆ తరవాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చార్టు గోడకి అంటించి, స్కెచ్ పెన్ను పుచ్చుకుని, ఈ సంవత్సరంలో ఎవరు ఎంతమందిని కొత్తగా తీసుకొస్తారో చెప్పమన్నాను. ముందు మస్కట్ బాబాయి లేచాడు. (ఆయన మస్కట్ కాదుకదా, రావులపాలెం కూడా సరిగ్గా చూసినవాడు కాదు. వాళ్ళావిడ మస్కట్‌లో పని చేస్తోంది గనక ఆయనకా పేరు.) "ఆయ్, ఇద్దరినండీ" అన్నాడు. బెల్లం మామ్మ ముగ్గురిని రాసుకోమంది. ఆ తరవాత లేచినవాడు ముసలావిడ కంటే తక్కువ చెబితే ఏం బావుంటుందని నలుగురన్నాడు. అక్కణ్ణుంచి ఇంక కిందకి దిగిందే లేదు. అన్నీ కూడి చూస్తే, మా ఊళ్ళో మిగిలిన జనం, గుడి పూజారిగారి కుటుంబం, పక్క ఊరి రెండు సంఘాలూ మొత్తం వచ్చి మా మందిరంలో కూర్చున్నా ఇంకా కొంతమంది తక్కువ పడేలా ఉన్నారు. నాకు అది అనుమానించవలసిన సంగతిలా తోచలేదు, విశ్వాసంలా తోచింది. నాన్న ఒక్కడే అంకె చెప్పలేదు. "మీ అమ్మొస్తే చాలమ్మా" అన్నాడు. అది కొత్త ఆత్మల (సంఘంలో కొత్తగా చేరేవాళ్ళని అలా అంటాం) కిందకి రాదు కాబట్టి నేను రాసుకోలేదు.

అమ్మ అప్పటికి తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది. నాకు పన్నెండేళ్ళప్పుడు వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు వచ్చి, మాకు అలవాటయ్యే లోపల మళ్ళీ వెళ్ళిపోయింది. అలా వెళ్ళినవాళ్ళు మా సంఘంలో పదిహేడు మంది, అందరూ ఆడవాళ్ళే. కువైట్, మస్కట్, దోహా, దుబాయ్. వాళ్ళ పేర్లు ఎన్నేళ్ళయినా పట్టీలోంచి పోవు. ప్రతి ఆదివారం అయ్యగారు పట్టీ చదువుతూ, "సైకిల్ షాపు వారి పెద్ద కోడలు, దోహా" అంటారు. అత్తగారో మొగుడో ఇక్కణ్ణుంచి ఆయ్ అంటారు. "దింపు తీసేవారి ఇల్లాలు, కువైట్" అంటారు. నాన్న ఆయ్ అంటాడు. (మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. రోజంతా చెట్టు మీంచి కేకలేసే మనిషి, మందిరంలో మాత్రం వారానికి ఆ రెండు ఆయ్‌లకి మించి నోరెత్తేవాడు కాదు. ఒకటి తనది, ఒకటి అమ్మది.) ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలీదు. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఉంది.

సరే, నెలలు గడిచాయి. అక్టోబరు నాటికి మా మందిరానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముచ్చటగా ముగ్గురు. ఒకామె మా సంఘం కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని వచ్చింది, పేరు మాత్రం ఇంకా పుట్టింటి సంఘం పట్టీలోనే ఉంది. ఒకాయన పక్క ఊరి సంఘంలో మైకు దగ్గర మాటామాటా వచ్చి అలిగి వచ్చాడు, వాళ్ళు బతిమాలగానే వెళ్ళిపోయాడు. మూడో ఆయన కరెంటు లైన్‌మన్, వాన పడుతోందని లోపలికొచ్చి నిలబడ్డాడు. వాన ఆగింది, ఆయనా పోయాడు, నేను మాత్రం రాసేసుకున్నాను. మిగతావాళ్ళని మీ లక్ష్యం ఏమయిందని అడిగితే, "ఆయ్, వచ్చేవారం చూద్దామండీ" అని నాకే అండీ తగిలించేవాళ్ళు. పెద్దయ్యగారు వచ్చే రోజు దగ్గరపడుతోంది. అప్పుడు నా మూడు నెలల చదువు పనికొచ్చింది. పై అంకె పెరగనప్పుడు కింది అంకె తగ్గిస్తే సరిపోతుంది కదా! ఆ పదిహేడు మందీ ఎలాగూ ఇక్కడ లేరు. వాళ్ళని పట్టీలోంచి తీసేస్తే మనం ఉన్నది నలభై నాలుగు. వాళ్ళల్లో ఎవరు సెలవు మీద వచ్చినా 'కొత్తగా చేరినవారు' కింద రాసుకోవచ్చు. ఇంత తెలివి నాకు పరీక్షల్లో కూడా రాలేదు.

రాజోలులో నెట్ సెంటర్‌లో కూర్చుని కొత్త పట్టీ టైపు చేశాను. అమ్మ పేరున్న వరస దగ్గరకొచ్చేసరికి చెయ్యి కాస్త ఆగింది. ఇన్నేళ్ళ తరవాత దాచడమెందుకు, ఆగింది గానీ ఎక్కువసేపు కాదు. ఆ ఏడు వేసవికి వచ్చేస్తానని అమ్మ చెప్పింది. రాలేదు. పనిచేసే ఇంట్లో మామ్మగారికి జబ్బు చేసిందట, ఇంకొక ఏడాది ఉండమన్నారట. ఎవరో ముసలావిడకి జబ్బు చేస్తే మా అమ్మ ఎందుకు ఉండాలో నాకు అర్థం కాలేదు. ఆ కోపం నా వేలి చివర ఉంది. నొక్కేశాను.

కోతల పండగ ఆదివారం మందిరం కళకళ్ళాడింది. ప్రభువు బల్ల ముందు సొరకాయలు, అరటి గెలలు, కంకుల కట్టలు, కాళ్ళు కట్టేసిన ఒక కోడిపెట్ట. పెద్దయ్యగారు తెల్లటి బట్టల్లో కుర్చీలో కూర్చున్నారు. మా అయ్యగారి చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన నా కొత్త పట్టీ పెట్టాను. ఆయన మురిసిపోయి చదవడం మొదలుపెట్టారు. నాన్న పేరు చదివారు. నాన్న ఆయ్ అన్నాడు. తరవాత అయ్యగారు చెరువు గట్టు తాతగారి పేరు చదివారు. నాన్న అలవాటు కొద్దీ మళ్ళీ ఆయ్ అన్నాడు, తాతగారూ ఆయ్ అన్నారు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. అయ్యగారి చేతిలోని కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. పట్టీ అయిపోయాక అయ్యగారు కాగితం తిప్పి వెనకవైపు చూశారు. అక్కడేమీ లేదు.

"అయ్యగారూ, మా ఆవిణ్ణి చదవలేదండీ" అన్నాడు మస్కట్ బాబాయి.

"ఇందులో లేదు బాబూ."

"లేకపోవడమేటండీ? మొన్నే ఫోన్ చేసింది గదండీ, బానే ఉందండీ."

ఈలోపు బెల్లం మామ్మ చాప మీంచి లేచి నిలబడింది. "మా కోడలు అక్కడ ఏమన్నా తప్పు చేసిందేటండీ? సంఘంలోంచి ఎలేసేరాండీ? ఉన్నమాట చెప్పెయ్యండి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. మా వాళ్ళ దృష్టిలో పట్టీలోంచి పేరు తీసెయ్యడమంటే ఒక్కటే అర్థం, వెలెయ్యడం. పదిహేడు ఇళ్ళవాళ్ళు ఒక్కసారి లేచారు. (మా వాళ్ళు గొడవ కూడా అండీ పెట్టే పడతారు. పదిహేడు ఇళ్ళ అండీలు ఒక్కసారి మీదపడితే ఎలా ఉంటుందో నన్నడగండి.) పెద్దయ్యగారు "ఇది తయారుచేసింది ఎవరు?" అని అడిగారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. అంత కోపంలోనూ నా మొహం చిన్నబుచ్చడం ఇష్టంలేక అందరూ రేకుల వైపు చూశారు. అది ఇంకా సిగ్గుగా అనిపించి నేనే లేచాను. "వాళ్ళు ఇక్కడ లేరు కదండీ. లేనివాళ్ళని ఉన్నట్టు ఎలా రాస్తామండీ?" అన్నాను.

అప్పుడు నాన్న లేచాడు. ఆయన అలా లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చేతులు కట్టుకుని, నా వైపు కాదు, పెద్దయ్యగారి వైపు చూస్తూ అన్నాడు.

"నేను పొద్దున్నే చెట్టెక్కుతానండీ. ఎక్కినంతసేపూ కింద ఉండనండీ. అయినా ఎక్కేది కిందవాళ్ళ కోసమేనండీ. మా ఆవిడా అంతేనండీ."

కూర్చున్నాడు. కోడిపెట్ట ఒక్కటే కొక్కొక్కో అంది. నాకు చార్టు వెనక దాక్కోవాలనిపించింది గానీ దాన్ని గోడకి అంటించింది నేనే.

పెద్దయ్యగారు పాత పట్టీ తెమ్మన్నారు. అది ఇంటి దగ్గరుంది. అయ్యగారు అక్కర్లేదండీ అని, కళ్ళు మూసుకుని, పదిహేడు మందినీ ఇంటి పేర్లతో, దేశాలతో సహా చెప్పుకుపోయారు. ఒక్కొక్కదానికీ ఒక ఆయ్ వచ్చింది. అమ్మ వంతు వచ్చినప్పుడు నాన్నతో పాటు నేనూ అన్నాను. పెద్దయ్యగారు జేబులోంచి పెన్ను తీసి ఫారంలో ఇప్పుడున్నవారి గడిలో నా నలభై నాలుగు కొట్టేసి అరవై ఒకటి అని రాశారు. సంవత్సరం చివరికి ఉండవలసిన గడిలో నా నూట ఇరవై రెండు కొట్టేసి మళ్ళీ అరవై ఒకటే రాశారు. "అయ్యా, అది ఇప్పుడున్నదే గదండీ, పెరగలేదండీ" అని మా అయ్యగారు నసిగారు. "ఈ అరవై ఒక్కరూ ఒక్క ఆదివారం ఈ రేకుల కింద కలిసి కూర్చోవాలి. అది చిన్న లక్ష్యమేమిటండీ?" అన్నారాయన. ఎవరూ ఆయ్ అనలేదు. నాకు తెలిసి మా సంఘం ఆయ్ అనడానికి ఆలోచించింది ఆ ఒక్కసారే.

శుక్రవారం అమ్మకి సెలవు, ఆ మధ్యాహ్నం ఫోన్ చేసేది. నాన్న చెప్పేలోపు నేనే చెప్పేశాను. "నన్ను కొట్టేసేవా? కన్నతల్లిని?" అని అమ్మ పగలబడి నవ్వింది. "పోన్లే, నేనొచ్చినప్పుడు కొత్త ఆత్మ కింద రాసుకో, నీకొకటి కలిసొస్తది" అంది. నవ్వి నవ్వి, "మరి మీ నాన్న ఏమన్నారే?" అని అడిగింది. చెట్టు మాట చెప్పాను. అటునుంచి చప్పుడు లేదు. ఫోన్ కార్డు అయిపోయిందేమో అనుకున్నాను.

"ఉన్నావా అమ్మా?"

"ఉన్నాను. వేసవికి రాలేదని కదా నీ కోపం?"

"ఊఁ."

"ఈ ఇంట్లో చిన్నపిల్ల ఉందే. దానికి పొద్దున్నే జడెయ్యాలి. వేసినప్పుడల్లా నీ తలే చేతిలో ఉన్నట్టుంటది. ఇప్పుడు నీకు ఎవరేస్తన్నారే?"

నేనే వేసుకుంటున్నానని చెప్పాను. ఫోన్ పెట్టేశాక పెరట్లో కొబ్బరిడొక్కల గుట్ట వెనక్కి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. తొమ్మిదేళ్ళుగా ఈ దూరం మాకు మాత్రమే జరుగుతోందనుకున్నాను. అమ్మకీ జరుగుతోందని ఆ రోజుదాకా నాకు తట్టలేదు.

అరవై ఒకటి ఎప్పుడూ నిండలేదు. ఒకరు విమానం దిగితే ఇంకొకరు ఎక్కేవారు. మస్కట్ బాబాయి వాళ్ళావిడ వచ్చేసిన ఏడాదే వాళ్ళ పెద్దమ్మాయి అక్కడికే వెళ్ళింది, ఆయన బిరుదు పోకుండా. అమ్మ ఇంకో నాలుగేళ్ళకి పూర్తిగా వచ్చేసింది. అప్పటికి నాకు పెళ్ళయి అమలాపురం వచ్చేశాను. ఇప్పుడొక కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. అక్కడా ప్రతి జూన్‌లో లక్ష్యాల ఫారం వస్తుంది, గళ్ళు నింపి ఇచ్చేస్తాను, చెయ్యి ఎక్కడా ఆగదు. వీలైన ఆదివారాలు బస్సెక్కి మా ఊరు వెళ్ళి, మందిరంలో అమ్మ పక్కన చాప మీద కూర్చుంటాను.

అన్నేళ్ళు నేను ఎదురుచూసిన మనిషి అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకి నిద్రపోతుంది. అయ్యగారి భార్య (ఆవిణ్ణి మేం అమ్మగారంటాం) అటునుంచి లేపమని కళ్ళతో సైగ చేస్తారు. నేను చూడనట్టు ఊరుకుంటాను. పదమూడేళ్ళు వేరేవాళ్ళ ఇళ్ళల్లో అందరికంటే ముందు లేచిన మనిషి, పడుకోనీ. స్కెచ్ పెన్ను పట్టుకుని గోడ ముందు నిలబడ్డ ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. దానికి కావలసింది ఒక్కరు. ఆ మాట నలుగురిలో అడగలేక నూట ఇరవై రెండు అని రాసింది, పిచ్చిది. నవ్వొస్తుంది. ఈలోపు అమ్మ తల నా భుజం మీదకి వాలుతుంది, కాసేపటికి భుజం తిమ్మిరెక్కుతుంది, ఆఖరి పాటకి అందరూ లేచి నిలబడేదాకా నేను కదలను.