తల్లికి చెప్పని కడుపునొప్పి

కోవిడ్ భయం సద్దుమణిగి జనం మళ్ళీ విమానాలెక్కిన రెండో వేసవిలో, బళ్ళకు సెలవులిచ్చిన తర్వాతి వారం, దక్షిణ స్పెయిన్ తీరానికి వెళ్ళే ఫ్యామిలీ గ్రూపుకి టూర్ మేనేజర్‌గా నన్ను వేశారు. న్యూజెర్సీలో, ఐసెలిన్‌ ఊళ్ళో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక నగల దుకాణం పై అంతస్తులో ఉండేది మా ట్రావెల్ ఆఫీసు. రిటైరయ్యే ముందు నేను నడిపిన చివరి గ్రూపుల్లో అదొకటి.

టూర్ మేనేజర్ అంటే గైడు అనుకుంటారు చాలామంది. గైడు కోట చూపించి దాని కథ చెబుతాడు. మేనేజరు పని ఏ కథా జరక్కుండా చూడటం. అందరూ బస్సెక్కారా, ఎవరిది ఏ గది, ఎవరి పాస్‌పోర్టు ఎవరి సంచీలో ఉంది, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఇవన్నీ మేనేజరుకి తెలిసి ఉండాలి. తేడా ఏదొచ్చినా మొదటి కబురు మాకే రావాలన్నది నియమం. మనవాళ్ళు ఈ ఒక్క నియమాన్నీ ఏనాడూ ఖాతరు చెయ్యలేదు. చెబితే ఈవిడ డాక్టరంటుంది, డాక్టరంటే ఒక రోజు ట్రిప్పు పోతుంది అని వాళ్ళ భయం.

ఇంకో సలహా కూడా ప్రతిసారీ గాల్లో కలిసిపోయేది. అమెరికా రైస్ కుక్కర్ యూరప్ కరెంటుకి తట్టుకోదు, తీసుకురావద్దు మహాప్రభో అని మీటింగు పెట్టి మరీ చెప్పేదాన్ని. అందరూ తలూపేవారు. దిగిన మొదటి సాయంత్రమే ఏదో ఒక గదిలో ఫట్‌మని చప్పుడయ్యేది. ఆసారి కూడా ఒక కుక్కరు కాలిపోయింది. దానికి నవ్వుకున్నాం. ఆ ట్రిప్పులో అందరం కలిసి నవ్వింది బహుశా అదొక్కసారే.

గ్రూపులో అన్విత అని ఎనిమిదేళ్ళ పాప ఉంది. తల్లిదండ్రులు లేకుండా వచ్చింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులోనే ఉండే సునీత కుటుంబంతో వచ్చింది. సునీత కూతురు రియా, అన్విత ఒకే క్లాసు. అన్విత తల్లి మాధవి, తండ్రి కిరణ్ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. సెలవులకి ఎక్కడికీ వెళ్ళలేని వాళ్ళు. హెచ్-వన్ వీసా మీద ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఉండొచ్చు గానీ, పాస్‌పోర్టులో స్టాంపు గడువు దాటితే, ఒకసారి దేశం దాటాక కొత్త స్టాంపు పడనిదే తిరిగి రానివ్వరు. ఆ రోజుల్లో స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ దొరకడం గగనం. బయటికెళ్ళి ఇరుక్కుపోయి ఉద్యోగాలు పోగొట్టుకున్న వాళ్ళని నేనే చూశాను. పాప ఇక్కడ పుట్టింది కాబట్టి దానిది అమెరికా పాస్‌పోర్టు. స్పెయిన్‌కి దానికి వీసాయే అక్కర్లేదు. అమ్మానాన్నలకి లేని రెక్కలు పాపకి ఉన్నాయి.

"మాకెట్లాగూ కుదరదు మేడమ్, పాపనన్నా పోయి చూసి రానీయండి" అన్నాడు కిరణ్, డబ్బు కట్టేటప్పుడు. అందులో తప్పేమీ కనపడలేదు నాకు. ఇలాంటి పిల్లల కోసం తల్లిదండ్రుల అనుమతి పత్రం నోటరీ చేయించి మా దగ్గర ఉంచుతాం. అదీ చేయించాం.

మలగా నగరానికి కాస్త ఎడంగా, సముద్రం పక్కనే, గదిలోనే వంటిల్లున్న హోటలు తీసుకున్నాం. మన గ్రూపులకి వంటిల్లు లేనిదే స్పెయిన్ కూడా రుచించదు. అక్కడి ఇసుక బూడిదరంగులో ఉంటుంది. ఒడ్డున పాత పడవల్లో ఇసుక పోసి, నిప్పులు రాజేసి, చేపల్ని పుల్లలకు గుచ్చి కాలుస్తారు. శాకాహారుల కుటుంబాలు ముక్కులు మూసుకుని వాటిని దాటేవి. పిల్లలు మాత్రం నీళ్ళు వదిలి వచ్చేవారు కాదు. మూడో రోజు మధ్యాహ్నం అన్విత ఒక్కతే ఒడ్డున తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. అలసిపోయిందన్నారు.

ఆ సాయంత్రం గదిలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పాప బొడ్డు దగ్గర నొప్పంది. ఒకసారి వాంతి చేసుకుంది. సునీత వాము నమిలించింది, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, పడుకోబెట్టింది. అంతవరకూ ఏ తల్లయినా చేసేదే. అయితే మాధవి రోజూ తన లంచ్ టైములో, అంటే స్పెయిన్‌లో సాయంత్రం, వీడియో కాల్ చేసేది. ఫోను మోగింది. సునీత పాప మొహం కడిగి, జుట్టు దువ్వి, "మమ్మీకి చెప్పకు బంగారం, టెన్షన్ పడుతుంది. రేపటికి తగ్గిపోతుందిగా" అని కూర్చోబెట్టింది. పాప నవ్వింది. "ఐ యామ్ గుడ్ మమ్మీ. బీచ్ బాగా ఉంది" అంది. నాకు కబురు రాలేదు.

మర్నాడు కొండమీది ఊరొకటి చూపించే ప్రోగ్రాము. పొద్దున బస్సు తలుపు దగ్గర నిలబడి మనుషుల్ని సరిచూసుకుంటున్నాను. అన్విత కుడిపక్క చెయ్యి ఆనించుకుని, ముందుకి వంగి నడుస్తోంది. మెట్టు ఎక్కడానికి రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెడుతోంది.

"ఏమ్మా, కడుపునొప్పా?"

"నో ఆంటీ, ఐ యామ్ గుడ్."

ఫస్ట్ ఎయిడ్ శిక్షణలో మాకొకటి నేర్పారు. పిల్లలు నొప్పి దాస్తున్నారనిపిస్తే ఒంటికాలి మీద గెంతమనాలి. అపెండిక్స్ వాచిన పిల్ల గెంతలేదు. ఆట అని చెప్పి గెంతమన్నాను. పాప కాలు ఎత్తింది. ఎగరలేదు. అలాగే నేలమీద కూర్చుండిపోయింది. అప్పుడు కూడా ఏడవలేదు.

బస్సుని లోకల్ గైడుకి అప్పగించి, పాపనీ సునీతనీ తీసుకుని టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళాను. రక్తం తీశారు, స్కాన్ చేశారు. అపెండిక్స్ పగిలి ఉండొచ్చు, ఇంక ఆలస్యం చెయ్యకూడదన్నారు. అనుమతి పత్రం చూపించాను. చూసి పక్కన పెట్టి, తల్లితోనో తండ్రితోనో మాట్లాడాలన్నాడు సర్జన్. అప్పటికి న్యూజెర్సీలో తెల్లవారి, జనం ఆఫీసులకు బయల్దేరే వేళ.

మాధవి ఫోను ఎత్తింది. సంగతి చెప్పాను.

"నిన్న నవ్వింది కదండీ" అంది. "నేను చూశాను కదా. నవ్వింది."

సర్జన్ స్పానిష్‌లో అడిగినవి ఒక నర్సు ఇంగ్లిష్‌లో చెప్పింది. మాధవి అన్నిటికీ ఎస్, ఎస్ అంది. మందులు పడకపోవడం గురించి అడిగితే తడుముకోకుండా చెప్పింది. పాపని లోపలికి తీసుకెళ్ళాక కిరణ్ అందుకున్నాడు.

"నేను వస్తున్న మేడమ్. ఇయ్యాల ఫ్లైట్ ఏదుంటే అది బుక్ చేయండి. జాబ్ పోతే పోనియ్."

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో టిక్కెట్లు కాన్సిల్ చేశాను, ఎన్నో వీసాలు రాలేదని చెప్పాను. ఇంత కష్టంగా ఎప్పుడూ లేదు. తిరిగి రావడం తర్వాతి మాట, అసలు స్పెయిన్ వీసా లేనిదే విమానమే ఎక్కనివ్వరని చెప్పాల్సి వచ్చింది. స్పెయిన్ కాన్సులేట్‌కి వెళ్ళి అత్యవసరమని అడగమన్నాను. వెళ్ళారు ఇద్దరూ. అక్కడివాళ్ళు మర్యాదగానే మాట్లాడారట, కాగితాలు తీసుకున్నారట, కొన్ని రోజులు పడుతుందన్నారట.

"పాస్‌పోర్టు ఉంది, టిక్కెట్టుకి డబ్బుంది, కన్నతల్లిని. అయినా ఎక్కనివ్వరా?" అని మాధవి మళ్ళీ అడిగింది.

ఎక్కనివ్వరన్నాను. రూల్సు కంఠతా వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది ఆ రోజు.

అపెండిక్స్ పగిలే ఉంది. కడుపంతా కడిగి, గొట్టం పెట్టారు. గ్రూపుని తర్వాతి మజిలీ సెవియాకి పంపించేసి, ఆఫీసుని ఒప్పించి నేను ఆగిపోయాను. సునీత భర్త, రియా గ్రూపుతో వెళ్ళారు. సునీత కదల్లేదు. ముందురోజే ఎందుకు చెప్పలేదని అడిగితే ఆసుపత్రి వరండాలో నామీదికే లేచింది.

"చెప్పి ఏం చెయ్యమంటారండీ? రాలేరని నాకు తెలియదా? ఊరికే ఏడుస్తూ కూర్చుంటారనే కదా చెప్పలేదు. మా అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు మావాళ్ళు నాకు అట్లాగే చెప్పలేదు. అన్నీ అయ్యాకే చెప్పారు. మనందరి ఇళ్ళల్లో అంతేగా?"

అంతే. కాదనలేకపోయాను. దూరాన ఉన్నవాళ్ళకి చెడ్డకబురు చెప్పకపోవడం మనలో ప్రేమ కింద లెక్క. ఆమె పాపని కన్నకూతురిలాగే చూసుకుంది, అందులో నాకు సందేహం లేదు. తర్వాత అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆపరేషన్ అయిన మర్నాడు జ్వరం తగ్గలేదు. ఫోనుని మంచం పక్క బల్లమీద నీళ్ళ సీసాకి ఆనించి ఉంచాను. అవతల మాధవి రోజంతా ఆ తెరలోనే ఉంది. తన లాప్‌టాప్ పక్కన పెట్టుకుని మీటింగులు వింటూ, మధ్యలో మ్యూట్ చేసి పాపని పిలుస్తూ ఉండేది. సునీత తెరలోకి వస్తే తల తిప్పుకునేది.

అక్కడ పిల్లల వార్డులో నొప్పి ఎంతుందో అడగడానికి మొహాల బొమ్మలున్న అట్ట ఒకటి చూపిస్తారు. నవ్వు మొహంతో మొదలై ఏడుపు మొహంతో అయిపోతుంది. భాష రాని పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తే చాలు. నర్సు వచ్చి అట్ట చూపించింది. అన్విత చిట్టచివరి మొహం మీద వేలు పెట్టింది. నర్సు మందు తేవడానికి వెళ్ళింది. అదే సమయానికి మాధవి మీటింగు ముగించుకుని తెరలోకి వచ్చింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదు మమ్మీ. బాగా ఉన్నా."

నవ్వింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో చెప్పలేను. పరాయి దేశపు నర్సుకి నిజం, కన్నతల్లికి అబద్ధం. మంచంమీదున్న అట్ట తీసి కెమెరా ముందు పెట్టాను. "ఇప్పుడే పాప వేలు పెట్టింది ఇదిగో, ఈ మొహం మీద" అన్నాను.

మాధవి ఆ బొమ్మని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నా దగ్గరే నేర్చుకుందండీ" అంది. "కిరణ్‌కి జాబ్ పోయిన రెండు నెలలూ నేను ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా, అంతా బాగుందమ్మా, అంతా బాగుంది అనేదాన్ని. ఇది నా పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేది."

తర్వాత పాపతో, "నాకు చెప్పరా. నేను ఏడిస్తే ఏడుస్తాను. అయినా చెప్పాలి" అంది.

పాప తెరకేసి చూస్తూ, "బట్ యు కాంట్ కమ్ మమ్మీ" అంది.

నర్సు మందు తీసుకుని వచ్చింది.

రెండో వారానికి పాప లేచి నడిచింది. నూవార్క్ ఎయిర్‌పోర్టులో అప్పగించాను. మాధవి పాపని ఎత్తుకోబోయి, కుట్లు గుర్తొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని కావలించుకుంది. సునీత సూట్‌కేసులతో కాస్త దూరంగా నిలబడింది. ఆ రెండు కుటుంబాలకీ మధ్య ఇప్పుడు మాటల్లేవని విన్నాను. ఒకే కాంప్లెక్సులో ఉంటూ కార్లు వేరే వరసల్లో పెట్టుకుంటారట. స్పెయిన్ వీసా సంగతి కూడా చెప్పాలి. పాప తిరిగొచ్చేశాక, వీసాలు వచ్చాయి, పాస్‌పోర్టులు తీసుకెళ్ళమని కాన్సులేట్ నుంచి మెయిల్ వచ్చిందట.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. వెంట వెళ్ళలేని తల్లిదండ్రుల పిల్లల్ని ఆ తర్వాత నా గ్రూపుల్లో చేర్చుకోలేదు. బుకింగులు పోతున్నాయని ఆఫీసువాళ్ళు గొణిగారు, గొణగనిచ్చాను. రెండోది, పిల్ల బాగున్నానంటే అది ఎవరితో అంటోందో ముందు చూడాలి. మాధవి అప్పుడప్పుడు గ్రోసరీ షాపులో కనిపిస్తుంటుంది. పాప మిడిల్ స్కూల్‌కి వచ్చిందట. ఎలా ఉందని అడిగితే, "బాగున్నాననే అంటుందండీ" అని చెబుతుంది.